త్రాసుతో కండబలం తూచిన డాక్టర్

పక్షవాతం వచ్చినవారి ఫిజియోథెరపీ రిపోర్టులో 3/5, 4/5 అని రాసి ఉండటం చూసే ఉంటారు. ఈ మార్కుల మూలాలు వెతికితే బోస్టన్‌లో ఎముకల డాక్టర్ రాబర్ట్ లోవెట్ దగ్గరికి వెళ్లి ఆగుతాం.

1859లో పుట్టిన లోవెట్ హార్వర్డ్‌లో వైద్యం చదివారు, తర్వాత అక్కడే ఆర్థోపెడిక్స్ ప్రొఫెసరయ్యారు. అప్పటికి పోలియోకు టీకా లేదు. జ్వరం తగ్గేసరికి కాలు చచ్చుబడిన పిల్లల్లో ఏ కండరం పోయింది, ఏది మిగిలింది, మిగిలింది కోలుకుంటోందా అన్నది తేల్చడమే పెద్ద పని. ఆయన దగ్గర పనిచేసిన విల్హెల్మిన్ రైట్ చేత్తోనే కండరాలను పరీక్షించే పద్ధతిని 1912లో ప్రచురించారు. పడుకున్న బిడ్డ కాలు పైకెత్తగలిగితే ఒక మెట్టు. చేత్తో అదిమినా దించకుండా ఉంచగలిగితే ఇంకో మెట్టు. ఇంత చేసిన ఆమె పేరు మాత్రం పెద్దగా వినిపించదు.

చిక్కల్లా ఆ పై మెట్ల దగ్గరే. కాలు లేచిందా లేదా అన్నది ఎవరు చూసినా ఒకటే. ఎంత గట్టిగా అదమాలన్నది మాత్రం పరీక్షించేవారి చేతిని బట్టి మారిపోతుంది. చేతిలో బలం తక్కువున్నవారికి అదే కాలు మామూలుగా ఉన్నట్టే తోస్తుంది. అందుకని లోవెట్, ఫిజియాలజిస్టు ఎర్నెస్ట్ మార్టిన్‌తో కలిసి స్ప్రింగు త్రాసు పట్టుకున్నారు. కాలికి పట్టీ కట్టి త్రాసుతో లాగుతూ, కండరం లొంగిపోయే క్షణంలో ముల్లు ఎన్ని పౌండ్లు చూపిందో రాసుకునేవారు. 1916లో ఈ పద్ధతిని ప్రచురించారు. వ్యాయామం మోతాదు మించితే బలహీనమైన కండరానికి మేలు బదులు కీడు జరుగుతుందని ఆయన పదేపదే హెచ్చరించేవారు.

1921 ఆగస్టులో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ కాళ్లు పడిపోయాయి. ముందు చూసిన పెద్ద డాక్టరు వెన్నుపాములో రక్తం గడ్డకట్టిందనుకుని మర్దన చేయించమన్నారు. 25న కాంపోబెల్లో దీవికి వచ్చిన లోవెట్ అది పోలియో అని చెప్పి, మర్దన ఆపించేశారు. (అది గులియన్-బారీ కావచ్చని ఇప్పుడు కొందరు పరిశోధకులు వాదిస్తున్నారు, అది వేరే కథ.) రూజ్‌వెల్ట్ అమెరికా అధ్యక్షుడు కావడం లోవెట్ చూడలేదు. 1924లో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో ఆయన కన్నుమూశారు.

0 నుంచి 5 దాకా అంకెల కొలమానం 1943లో బ్రిటన్‌లో స్థిరపడింది. పాత చిక్కు అందులోనూ ఉంది. 4 అన్న మార్కు మరీ విశాలం. కాస్త అదిమితే ఆగే కాలికీ, గట్టిగా అదిమినా దాదాపు నిలిచే కాలికీ అదే పడుతుంది. నెలల తరబడి రిపోర్టులో 4 దగ్గరే ఉన్నా, లోపల బలం పెరుగుతూ ఉండొచ్చు, తగ్గుతూనూ ఉండొచ్చు. ప్రతిసారీ ఒకే థెరపిస్టు, ఒకే భంగిమలో పరీక్షిస్తే తేడా కొంత నమ్మకంగా తెలుస్తుంది. కొన్ని చోట్ల అరచేతిలో పట్టే డైనమోమీటరుతో బలాన్ని కిలోల్లో చూస్తున్నారు. లోవెట్ త్రాసుకు అది మనవడి వరస.