నాగపూర్‌లో మిల్లా?

జంషెడ్‌జీ టాటా (1839–1904) అనగానే అందరూ స్టీలు అంటారు. నిజానికి ఆ స్టీలు తయారైంది ఆయన పోయాకే. నాకు మాత్రం ఆయన బట్టల మిల్లు కథే ఇష్టం.

అప్పట్లో మిల్లంటే బొంబాయే. ఎందుకలా అని టాటా ఆలోచించారు. పత్తి పండేది నాగపూర్ వైపు, బొగ్గూ అటే, రైలూ ఉంది. మరి పత్తిని బొంబాయి దాకా మోయడం దేనికి? నాగపూర్‌లో చిత్తడి నేల కొని మట్టితో పూడ్పిస్తుంటే, ఇది డబ్బు మట్టిలో పోయడమేనని ఓ షావుకారు అప్పివ్వలేదట! 1877 జనవరి 1న ఎంప్రెస్ మిల్లు మొదలైంది, లాభాలూ వచ్చాయి.

తమాషా ఏంటంటే, 1886లో బొంబాయి కుర్లాలో ఓ పాత మిల్లు చవగ్గా వస్తోందని కొన్నదీ ఈయనే. చవకైతే లాభమేనా అన్న ప్రశ్న ఈసారి వేసుకోలేదు. అక్కడి యంత్రాలన్నీ పాతవి. దాన్ని దారికి తేవడానికి ఏళ్లు పట్టింది.