ఊటనీటిని పరీక్షించిన బెర్జీలియస్

మన విద్యార్థులు రసాయన శాస్త్రమున మూలకములకు వ్రాయు సంకేతాక్షరముల పద్ధతిని కల్పించినవాడు యోన్సు యాకోబు బెర్జీలియస్. ఈతడు 1779వ సంవత్సరము ఆగష్టు 20వ తేదీన స్వీడను దేశమందు జన్మించెను. నాలుగేండ్ల ప్రాయముననే తండ్రి మరణించెను. తల్లి యొక పాదిరిగారిని పునర్వివాహమాడి, కొలదికాలమునకు తానును గతించెను. దిక్కులేని యీ బాలుడు బంధువుల యిండ్ల పెరిగి, ఉప్సాలా విశ్వవిద్యాలయమున వైద్యము నభ్యసించెను. రోగులు ఔషధమని త్రాగు మెడెవి ఊటనీటిలో నేమున్నదో విద్యార్థిదశయందే పరీక్షించి చూచెను.

1807లో స్టాక్‌హోమునందు ఆచార్యుడయ్యెను. సీరియము, సెలీనియము కనుగొనుటయు, పరమాణు భారములను తూచి నిర్ణయించుటయు లోకవిదితములే. వంటయింటి ప్రక్కనుండిన ఆయన చిన్న ప్రయోగశాలలో 1823లో వోలర్ శిష్యుడుగా చేరెను.

పోర్లా యను ఊటనీటిని బెర్జీలియస్ 1806లోనే పరీక్షించియుండెను. అందలి లవణములను విడదీయుట తేలిక. కుళ్లిన ఆకులనుండియు నాచునుండియు నీట కరగిన పసుపువన్నె పదార్థము మాత్రము స్ఫటికముగా నేర్పడదు, పట్టుబడదు. 1830 తరువాత దానిని మరల చేపట్టెను. ఊటలో పేరుకొన్న ఇనుపమడ్డిని క్షారముతో మరిగించి, ఎసిటికామ్లము చేర్చి, రాగిలవణము వేయగా గోధుమవన్నె మడ్డి దిగెను. దానిని వడగట్టి ఆమ్లత్వమును పోగొట్టగా వేరొక లేతవన్నె మడ్డి దిగెను. ఇవి రెండు ఆమ్లములని తలంచి, ఊట యను గ్రీకు పదమునుబట్టి క్రీనికామ్లము, అపోక్రీనికామ్లము అని పేర్లు పెట్టెను.

ఇప్పుడు ఇట్టి పదార్థమును గాజుగొట్టమునం దుంచి, బలమైన అయస్కాంతక్షేత్రమున రేడియో తరంగములతో పరీక్షింతురు. 1946లో బ్లాక్, పర్సెల్ అనువారలు వేర్వేరుగా ప్రకటించిన ఈ పద్ధతికి న్యూక్లియర్ మాగ్నెటిక్ రెసొనెన్స్ అని పేరు. హైడ్రోజను పరమాణువు తన యిరుగుపొరుగు పరమాణువులనుబట్టి వేరువేరు తావుల గుర్తు నిచ్చును. శుద్ధపదార్థమైనచో సన్నని శిఖరములు కనబడును. ఊటనీటి పదార్థమైనచో వేలకొలది సంయోగముల గుర్తులు ఒకదానిపై నొకటి పడి గుట్టలవలె నుండును. చక్కెరలవంటి భాగ మెంత, సువాసనిక వలయముల భాగ మెంత యని అంచనా వేయవచ్చునేగాని ప్రతిదానిని పేరుపెట్టి పిలువజాలము.

బెర్జీలియస్ రెండనుకొన్నవి వేలు! అందులకు నేను ఆయనను తప్పుపట్టను. ఆయన చేతిలో త్రాసును, వడగట్టు కాగితమును మాత్రమే యుండెను. మిశ్రమమును ముందుగా కరగుదలనుబట్టి భాగములు చేయు పద్ధతిని అయస్కాంతముగల పండితులును నేటికి విడువలేదు.

వార్ధక్యమున తన విద్యుత్ సిద్ధాంతమును వదలక యువ రసాయనికులతో వాదములాడుచు, బెర్జీలియస్ 1848 ఆగష్టు 7వ తేదీన స్టాక్‌హోమునందు కాలధర్మము నొందెను.