డాక్టర్ ఫ్రాంక్ లాబాక్

నోరారా తెలుగు మాట్లాడతారు గాని పాటల పుస్తకం చేతికిస్తే తడబడతారు. మన సంఘాలలో అట్టివారు పిల్లల్లోనూ పెద్దల్లోనూ ఉన్నారు. అటువంటివారి కొరకే జీవితం వెచ్చించిన లాబాక్ గారి చరిత్ర ఇది.

ఆయన 1884లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో బెంటన్ అను ఊరిలో జన్మించారు. 1915లో భార్య ఎఫా గారితో మిషనెరీగా ఫిలిప్పీన్స్ వెళ్లారు. కొన్నేళ్లకు మిండనావో దీవిలో లనావో సరస్సు ఒడ్డున, మరనావో ముస్లిముల మధ్య కాపురముండ సాగారు. ఆ ప్రజలు అమెరికా సైన్యంతో పోరాడినవారు. ఈయనను దగ్గరకు రానివ్వలేదు. 1930లో ఒక సాయంకాలం కొండమీద ప్రార్థనలో ఉండగా, లోలోపల తాను వారికన్న గొప్పవాడినని తలంచుచున్నట్లు గ్రహించారు. తరువాత వారి మత పెద్దల వద్దకు వెళ్లి తమకు ఖురాను నేర్పమని అడిగారు. ముందు తామే శిష్యులయ్యారు.

వారి భాషను రోమన్ లిపిలో వ్రాసి చదువు పటాలు తయారుచేశారు. అందరూ ఎరిగిన మూడే మాటలు మొదటి పాఠం. ఆ భాషలోని హల్లులు వాటిలోనే ఇమిడేటట్లు ఎంచారు. మాటలను విడదీసి, ఆ ముక్కలనే కలిపి కొత్త మాటలు చదివించేవారు. ట్రైనింగులో అక్షరమాల అంతా దిద్దించాకే మాటకు రావాలని నేర్చుకున్న మావంటి ఉపాధ్యాయులకు ఇది వింతే. అయితే వయసు మీరినవాడు యాభై అక్షరాలు పూర్తయ్యేదాకా ఆగడు, సిగ్గుపడి మానివేస్తాడు. అందుకే లాబాక్ గారు నేర్పేవాడు ఎదుట నిలబడక ప్రక్కన కూర్చోవాలనీ, తెలియని ప్రశ్న అడగరాదనీ, తప్పు అన్న మాటే అనరాదనీ నియమం పెట్టారు.

ఇంతలో ఆర్థిక మాంద్యం వచ్చి మిషను నుండి డబ్బు తగ్గిపోయింది. ఉపాధ్యాయులకు జీతాలివ్వలేక పని ఆపవలసి వచ్చింది. అప్పుడు ఒక మరనావో నాయకుడు లేచి, నేర్చుకున్న ప్రతివాడూ మరొకరికి నేర్పి తీరాలన్నాడు. నేర్పనివాని ప్రాణం తీస్తానని కూడా బెదిరించాడు. (ఈ భాగం మన వయోజన తరగతులకు సిఫారసు చేయలేను.) ఒక్కొక్కరు ఒక్కొక్కరికి నేర్పే పద్ధతి అలా, డబ్బు లేక పుట్టింది.

1935లో ఆయన మన దేశం వచ్చారు. తరువాత కూడా వచ్చి, ఇక్కడి ఉపాధ్యాయులతో కలిసి పలు భారతీయ భాషలలో పాఠాలు తయారుచేశారు. గుణింతాలు, ఒత్తులు ఉన్న లిపులకు మూడు మాటలు చాలవు గదా! ఇక్కడ అక్షరం ఆకారాన్ని పోలిన బొమ్మలు చాలా ఉపయోగపడ్డాయి.

1955లో అమెరికాలోని సిరక్యూజ్ పట్టణంలో అక్షరాస్యతా సంస్థ స్థాపించారు. వందకు పైగా దేశాలు తిరిగి, 1970 జూన్ 11న కన్నుమూశారు. ఆ సంస్థ 2002లో మరొక సంస్థతో కలిసి ప్రోలిటరసీ అయింది.