మల్లి మస్తాన్‌బాబు

బళ్లారి కోట గుట్టను ఎక్కేసరికే మనకు ఆయాసం వస్తుంది. దేశనూరు వంటి మైదాన గ్రామాల పిల్లలకు మంచుకొండలు పుస్తకాలలోనే కనిపిస్తాయి. అటువంటి మైదానపు పల్లెలో పుట్టి, ఏడు ఖండాలలోని అత్యున్నత శిఖరాలను అధిరోహించిన తెలుగువాడు మల్లి మస్తాన్‌బాబు.

ఆయన 1974 సెప్టెంబరు 3వ తేదీన నెల్లూరు జిల్లా సంగం మండలంలోని గాంధీ జనసంగం గ్రామంలో ఒక పేద గిరిజన కుటుంబంలో జన్మించాడు. సుబ్బమ్మ, మస్తానయ్య ఆయన తల్లిదండ్రులు. 1985లో విజయనగరం సమీపంలోని కోరుకొండ సైనిక పాఠశాలలో చేరాడు. ఆ పాఠశాల పూర్వవిద్యార్థి లెఫ్టినెంట్ ఉదయభాస్కరరావు అదే సంవత్సరం భారత సైనిక బృందంతో ఎవరెస్టుకు వెళ్లి ప్రాణాలు కోల్పోయాడు. ఆ యాత్రలో మొత్తం ఐదుగురు మరణించారు. ఆ వీరుని కథ మస్తాన్‌బాబు మనసులో గాఢంగా నాటుకుంది. పర్వతారోహణ ఎంత ప్రమాదకరమో తెలిసే ఆయన ఆ మార్గాన్ని ఎంచుకున్నాడు.

జంషెడ్‌పూర్‌లో ఇంజనీరింగు, ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లో ఎం.టెక్. చదివాడు. కొంతకాలం ఉద్యోగం చేసి, తరువాత కలకత్తా ఐ.ఐ.ఎం.లో చదువు పూర్తి చేశాడు. అయినా ఆయన మనసు కొండల మీదనే ఉండేది.

2006 జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్ శిఖరాన్ని ఎక్కాడు. మే 21న ఎవరెస్టును, జూలై 10న ఉత్తర అమెరికాలోని డెనాలీని అధిరోహించాడు. ఈ విధంగా 172 రోజులలో ఏడు శిఖరాలనూ ఎక్కాడు. అప్పటికి అది ప్రపంచ రికార్డు.

ఎత్తుకు పోయినకొద్దీ గాలి పలుచబడుతుంది. 8,000 మీటర్లు దాటితే ఒక్కొక్క శ్వాసలో లభించే ప్రాణవాయువు సముద్రమట్టం వద్ద లభించే దానిలో సుమారు మూడో వంతు మాత్రమే. మెదడు వాచవచ్చు, ఊపిరితిత్తులలో నీరు చేరవచ్చు. చలికి వేళ్లు మొద్దుబారి చచ్చుబడతాయి. మంచుచరియలు, తుఫానులు ముంచుకువస్తాయి. శిఖరం చేరి, అలసిపోయి దిగేటప్పుడు మరణించినవారు ఎందరో ఉన్నారు. ఒక్క ఎవరెస్టు మీదనే 300 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

2015 మార్చి 24న మస్తాన్‌బాబు ఆండీస్ పర్వతాలలో ఒంటరిగా బయలుదేరాడు. అర్జెంటీనా, చిలీ దేశాల సరిహద్దులోని సెర్రో ట్రెస్ క్రూసెస్ సుర్ ఆయన గమ్యం. దాని ఎత్తు 6,749 మీటర్లు. ఆ రోజులలోనే అక్కడ తీవ్రమైన తుఫాను చెలరేగింది. ఆయన తిరిగి రాలేదు. గాలింపు జరిపినవారికి ఏప్రిల్ 3న ఆయన మృతదేహం కనిపించింది. ఏప్రిల్ 25న స్వగ్రామంలో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. అప్పటికి ఆయన వయస్సు నలభై సంవత్సరాలు మాత్రమే.

ఎవరెస్టును జయించినవాడు అంతకంటె తక్కువ ఎత్తుగల పర్వతం మీద కన్నుమూశాడు. అనుభవం ఎంత ఉన్నా ప్రకృతి శక్తి ముందు మానవుని బలం స్వల్పమే. సాహసికి ధైర్యంతోపాటు శిక్షణ, తోడు, సమయానికి వెనుదిరగగల వివేకం అవసరం. పేదరికం చదువుకూ ఆశయానికీ అడ్డుకాదని నిరూపించిన మస్తాన్‌బాబు తెలుగువారికి చిరస్మరణీయుడు.