శరభోజి మహారాజు - ఆయన సంరక్షకుడు

తంజావూరును మహారాష్ట్ర ప్రభువులు పాలించుచున్న కాలమది. 1787వ సంవత్సరమున తుళజా మహారాజు వ్యాధిగ్రస్తుడై యుండెను. ఆయన సంతానమంతయు అంతకుముందే గతించెను. అందుచే తన వంశమువాడైన శరభోజి యను బాలుని దత్తత చేసికొనెను. 1777లో జన్మించిన ఆ బాలునికి అప్పటికి పదేండ్లు నిండలేదు. తన యనంతరము ఈ పసివానిని కాపాడువారెవ్వరను చింత రాజును వేధించెను.

ఆ నగరమున ష్వార్ట్జ్ అను జర్మను దేశపు క్రైస్తవ బోధకుడు నివసించుచుండెను. అతడు ధనాశ లేనివాడు; దేశభాషలు నేర్చినవాడు. 1779లో హైదరాలీతో సంధి మాటలాడుటకు కుంపిణీవారు అతనినే పంపిరి. తుళజా అతనిని రప్పించి, బాలునికి సంరక్షకుడుగా నుండుమని కోరెను. ష్వార్ట్జ్ అంగీకరింపలేదు. తాను బాలుని అప్పుడప్పుడు మాత్రమే చూడగలననియు, రాజు సవతి తమ్ముడైన అమరసింహునికి అప్పగించుట మేలనియు సలహా యిచ్చెను. రాజు అట్లే చేసి కన్నుమూసెను.

ఆ సలహా మేలు చేయలేదు. దత్తత చెల్లదని కొందరు పండితులు చెప్పగా, కుంపిణీవారు అమరసింహునే రాజును చేసిరి. అతడు బాలుని నిర్బంధమున నుంచి, చదువునకు దూరము చేసెను. ష్వార్ట్జ్ చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. తాను కాదన్న భారమును తానే తలకెత్తుకొనెను. అధికారులకు పలుమారులు విన్నవించి, 1793లో శరభోజిని చెన్నపట్టణమునకు చేర్పించెను. అచ్చట బాలునికి మంచి విద్య లభించెను. మరల విచారణ జరిగి, దత్తత చెల్లునని తేలెను. 1798 జూన్ నెలలో శరభోజి సింహాసన మెక్కెను. ష్వార్ట్జ్ ఆ శుభదినమును చూడలేదు, ఫిబ్రవరిలోనే మరణించెను.

మరుసటి సంవత్సరమే రాజ్యాధికారము కుంపిణీవారి వశమయ్యెను. కాని విద్యాధనమును ఎవ్వరు హరింపగలరు? శరభోజి పాఠశాలలు నెలకొల్పెను. నాగరలిపిలో గ్రంథములు ముద్రింపించెను. సరస్వతీ మహలు గ్రంథాలయమును పెంపొందించెను. సంస్కృత, తమిళ, మహారాష్ట్ర గ్రంథములతోపాటు అనేకములైన తెలుగు తాళపత్ర గ్రంథములును అందు భద్రముగా నున్నవి.

శరభోజి పూర్వుల మతమును విడువలేదు; సంరక్షకుని మరువలేదు. ఫ్లాక్స్‌మన్ అను ఆంగ్ల శిల్పిచే పాలరాతి స్మారకమును చేయించి, తంజావూరు చర్చిలో నిలిపెను. మరణశయ్యపై నున్న ష్వార్ట్జ్ చెంత శరభోజి నిలిచియున్న దృశ్యము అందు చెక్కబడినది. 1832లో శరభోజి పరమపదించెను.

రక్తసంబంధము గలవాడు బాలుని చెరపెట్టెను. పరదేశీయుడు చెర విడిపించెను. బిడ్డలను ఒకరి చేతిలో పెట్టునపుడు చూడవలసినది చుట్టరికము కాదు, శీలము.