శామ్యూల్ లాథమ్ మిచిల్

శామ్యూల్ లాథమ్ మిచిల్ (ఆగష్టు 20, 1764 - సెప్టెంబరు 7, 1831) అమెరికాకు చెందిన వైద్యుడు, ప్రకృతి శాస్త్రవేత్త, రాజకీయ నాయకుడు. న్యూయార్క్ ప్రాంతపు చేపలను మొదటిసారిగా క్రమపద్ధతిలో వర్ణించినవాడు. ఉత్తర అమెరికా మంచినీటి సరస్సులలో గాలపు వేటకు పేరుపడిన మస్కెలంజ్ అనే పెద్ద చేపకు శాస్త్రీయ నామం పెట్టినది ఈయనే. ఆ చేపను అక్కడివారు ముద్దుగా మస్కీ అంటారు. మస్కీ వేటగాళ్ళలో ఈయన పేరు తెలిసినవారు తక్కువే కాని, ఆ చేప శాస్త్రీయ నామం ప్రక్కన నేటికీ ఈయన పేరే వ్రాస్తారు.

బాల్యము, విద్య

మిచిల్ న్యూయార్క్ రాష్ట్రంలోని లాంగ్ ఐలాండ్ దీవిలో నార్త్ హెంప్‌స్టెడ్ వద్ద క్వేకర్ మతశాఖకు చెందిన కుటుంబంలో జన్మించాడు. మేనమామ శామ్యూల్ లాథమ్ వైద్యుడు. మిచిల్‌కు వచ్చిన పేరు కూడా ఆయనదే, తొలి వైద్యపాఠాలు కూడా ఆయన వద్దనే. తరువాత స్కాట్లండులోని ఎడింబరో విశ్వవిద్యాలయంలో చదివి 1786లో వైద్యపట్టా పొందాడు.

స్వదేశానికి తిరిగి వచ్చాక 1788లో ఇరోక్వా తెగలనుండి పశ్చిమ న్యూయార్క్ భూములను కొనుగోలు చేయడానికి నియమించిన ప్రతినిధులలో ఒకడుగా పనిచేశాడు. ఈ భూములు తెగల చేతినుండి జారిపోయిన తీరు అమెరికా చరిత్రలో గర్వపడదగిన ఘట్టమేమీ కాదు. 1792లో కొలంబియా కళాశాలలో రసాయన శాస్త్రము, ప్రకృతి శాస్త్రము, వ్యవసాయము బోధించే ఆచార్యుడయ్యాడు. ఫ్రాన్సులో లవోయిజర్ ప్రతిపాదించిన నూతన రసాయన శాస్త్రాన్ని అమెరికా విద్యార్థులకు పరిచయం చేసిన తొలితరం ఉపాధ్యాయులలో ఈయన ఒకడు. 1797లో మరి ఇద్దరు వైద్యులతో కలిసి మెడికల్ రిపాజిటరీ అనే పత్రికను ప్రారంభించాడు. అది అమెరికాలో వెలువడిన మొట్టమొదటి వైద్యపత్రిక.

ఈయన సిద్ధాంతాలన్నీ నిలువలేదు. అంటురోగాలకు సెప్టాన్ అనే పదార్థం కారణమని, నైట్రస్ ఆక్సైడ్ వాయువులోనే ఆ విషం ఉన్నదని ఈయన 1795లో వాదించాడు. ఇంగ్లండులో యువకుడైన హంఫ్రీ డేవీ ఆ వాయువును తానే పీల్చి చూశాడు. రోగం రాకపోగా హాయిగా నవ్వు వచ్చింది. ఆ విధంగా ఒక తప్పు సిద్ధాంతం డేవీని గొప్ప ప్రయోగాల వైపు నడిపించింది.

రాజకీయ జీవితం

న్యూయార్క్ రాష్ట్ర శాసనసభలో 1798లో రాబర్ట్ లివింగ్‌స్టన్‌కు ఆవిరి పడవలు నడిపే ప్రత్యేక హక్కునిచ్చే బిల్లును మిచిల్ ప్రవేశపెట్టినపుడు తోటి సభ్యులు నవ్వుకున్నారు. 1807లో ఫుల్టన్ ఆవిరి పడవ హడ్సన్ నదిపై నడిచాక ఆ నవ్వులు ఆగిపోయాయి. మిచిల్ 1801 నుండి 1804 వరకు దేశ ప్రతినిధుల సభలోను, 1804 నుండి 1809 వరకు సెనేట్‌లోను, మరల 1810 నుండి 1813 వరకు ప్రతినిధుల సభలోను సభ్యుడు. ఏ విషయం అడిగినా ఏదో ఒకటి చెప్పగలవాడు కావడంతో నడిచే గ్రంథాలయమని ఈయనకు పేరు వచ్చింది. అందులో మెచ్చుకోలు ఎంత ఉన్నదో ఎగతాళి కూడా అంతే ఉన్నది.

చేపల అధ్యయనం

మిచిల్‌కు శాశ్వత కీర్తి తెచ్చినవి చేపలు. ఆ రోజులలో అమెరికా చేపలను గురించిన గ్రంథాలు ఎక్కువగా ఐరోపాలో, ఎండబెట్టిన లేదా సారాయిలో నిలువ చేసిన నమూనాలను చూసి వ్రాసినవి. మిచిల్ న్యూయార్క్ చేపల బజారునే తన ప్రయోగశాల చేసుకున్నాడు. పట్టి తెచ్చిన చేప రంగు మారకముందే చూసి, రెక్కలలోని ముళ్ళను లెక్కించి వ్రాసుకునేవాడు. 1814లో ఒక చిన్న నివేదికను, 1815లో సుమారు 150 రకాల చేపలను వర్ణించే పెద్ద వ్యాసాన్ని ప్రకటించాడు. వాగు ట్రౌట్, పసుపు పెర్చ్ మొదలైనవి 1814లోను, వాలై అనే చేప 1818లోను ఈయన వర్ణనలతో శాస్త్రలోకానికి చేరాయి. 1817లో న్యూయార్క్ ప్రకృతి శాస్త్ర లైసియంను స్థాపించినవారిలో ముఖ్యుడై దానికి తొలి అధ్యక్షుడయ్యాడు. ఆ సంస్థయే తరువాత న్యూయార్క్ శాస్త్ర అకాడమీగా మారింది.

తిమింగలం వ్యాజ్యం

1818లో న్యూయార్క్ రాష్ట్రం చేపనూనె పీపాలను రుసుము తీసుకొని తనిఖీ చేయాలని చట్టం చేసింది. శామ్యూల్ జడ్ అనే వర్తకుడు మూడు పీపాల తిమింగలం నూనెను తనిఖీ లేకుండా కొన్నాడు. తనిఖీ అధికారి జేమ్స్ మారిస్ 75 డాలర్ల జరిమానాకై దావా వేశాడు. తిమింగలం చేప కాదు కనుక దాని నూనె చేపనూనె కాదని జడ్ పక్షం వాదన. కేసు ఆ సంవత్సరం డిసెంబరు చివర విచారణకు వచ్చింది.

జడ్ తరపున ప్రధాన సాక్షి మిచిల్. తిమింగలానికి వెచ్చని రక్తమున్నదని, అది ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుందని, పిల్లలను కని పాలిస్తుందని ఈయన బోనులో నిలబడి వివరించాడు. ఎదుటి పక్షం న్యాయవాది బైబిలును, లోకవ్యవహారాన్ని ముందు పెట్టి ఈయనను అడ్డుప్రశ్నలతో ముప్పుతిప్పలు పెట్టాడు. చేపల విషయంలో ఊరంతటికీ పెద్ద ఎవరంటే ఈయననే చూపేవారు. అయినా జ్యూరీ సుమారు పావుగంటలో తిమింగలం చేపయే అని తీర్పు చెప్పింది.

ఓడిపోయినది మిచిల్ ఒక్కడే కాదు. నీటిలో ఉన్నదంతా చేపయే అనే పాత వాడుకకు, శరీర నిర్మాణాన్ని బట్టి జీవులను విభజించే కొత్త పద్ధతికి మధ్య జరిగిన పోటీ అది. పైగా రుసుము ఎవరు కట్టాలన్న వర్తక వివాదం దాని వెనుక ఉన్నది. నగరమంతా కొన్నాళ్ళు నవ్వుకున్నది. 1819లో శాసనసభయే చట్టాన్ని సవరించి తిమింగలం నూనెను తనిఖీనుండి తప్పించింది.

మస్కెలంజ్ నామకరణం

ఈ ఓటమి తరువాత కూడా మిచిల్ చేపలను వదలలేదు. 1824లో ఈరీ సరస్సుకు చెందిన మస్కెలంజ్‌ను వర్ణించి ఈసాక్స్ మాస్కినాంగీ అని పేరు పెట్టాడు. అంతకుముందు దీనిని పైక్ అనే దగ్గరి చేపతో కలిపివేసేవారు. రెండూ పొడవైన ముక్కు, వెనుకకు జరిగిన వీపురెక్క కలిగి ఒకే తీరుగా కనబడతాయి. కాని పైక్‌కు ముదురు ఒంటిమీద లేత మచ్చలుంటాయి, మస్కీకి లేత ఒంటిమీద ముదురు మచ్చలో చారలో ఉంటాయి. పైక్ చెంప అంతా పొలుసులుంటాయి, మస్కీ చెంప క్రింది సగం నున్నగా ఉంటుంది. ఒడ్డున నిలబడి చూసేవానికి ఇవి చిన్న భేదాలే.

పేరులోని రెండవ మాట లాటిన్ కాదు. ఒజిబ్వే ప్రజలు ఈ చేపను పిలిచే మాటనుండి ఫ్రెంచివారి నోట మారుతూ వచ్చినది. పండితుల పేర్లో, లక్షణాలను తెలిపే లాటిన్ మాటలో పెట్టడం పరిపాటి అయిన కాలంలో మిచిల్ సరస్సు ఒడ్డు ప్రజల మాటను అలాగే ఉంచాడు. ఆ వర్ణనకు ఆధారాన్ని 1842లో జేమ్స్ డీకే తన న్యూయార్క్ చేపల గ్రంథంలో చూపాడు. శాస్త్రీయ నామం తరువాత మిచిల్ పేరు కుండలీకరణాలు లేకుండా వ్రాయడానికి కారణం, ఆయన ఉంచిన ప్రజాతిలోనే ఆ చేప నేటికీ ఉండడం. వాగు ట్రౌట్‌ను తరువాత వేరే ప్రజాతికి మార్చారు కనుక అక్కడ ఆయన పేరు కుండలీకరణాలలో ఉంటుంది.

మరుసటి సంవత్సరం ఈరీ కాలువ పూర్తయింది. 1825 నవంబరు 4న గవర్నరు డివిట్ క్లింటన్ ఈరీ సరస్సు నీటిని న్యూయార్క్ వద్ద సముద్రంలో పోసిన ఉత్సవంలో, మిచిల్ ప్రపంచ నదుల నీళ్ళను సీసాలనుండి పోశాడు. వాటిలో నైలు, థేమ్స్ నదుల నీటితో పాటు మన గంగ, సింధు నదుల నీరు కూడా ఉన్నది.

మస్కీ వేట

మస్కీ నీటిమొక్కల మాటున కదలకుండా పొంచి, దగ్గరకు వచ్చిన చేపపై ఒక్కసారిగా దూకుతుంది. ఈ గుణంలో మన కొరమేనును పోలి ఉంటుంది. అయితే కొరమేను పిల్లలను కాపాడుకుంటుంది, మస్కీ వసంతంలో లోతులేని చోట గ్రుడ్లు వెదజల్లి వెళ్ళిపోతుంది. అందువల్లనే న్యూయార్క్ వంటి రాష్ట్రాలలో వసంతకాలంలో దీని వేటను నిషేధించి వేసవి ఆరంభంలో అనుమతిస్తారు. నీరు చల్లబడే శరదృతువులో ఇది బాగా మేత మేస్తుంది కనుక పెద్ద చేపలకోసం వచ్చేవారు అప్పుడే ఎక్కువ. పదునైన పళ్ళు దారాన్ని తెంపకుండా గాలం ముందు తీగ కడతారు. పెద్ద కృత్రిమ ఎరలను పడవ వెనుక లాగుతూనో, విసిరి లాగుతూనో రోజంతా గడిపినా చేప దొరకని రోజులే అధికం. పదివేలసార్లు విసిరితే ఒకసారి పడే చేప అని దీనికి పేరు. దొరికినదానిని కొలిచి తిరిగి నీటిలో వదలడం ఇప్పుడు చాలామంది వేటగాళ్ళ ఆచారం.

ఈరీ సరస్సుకు కొద్ది మైళ్ళ దూరంలోని షటాక్వా సరస్సు మస్కీకి ప్రసిద్ధి. అయితే దీని నీరు ఈరీలోకి పోదు, ఒహాయో నది మీదుగా మిసిసిపీలో కలుస్తుంది. ఒహాయో వైపు మస్కీ వేరే జాతి అని 1854లో జేరెడ్ కర్ట్‌లాండ్ మరో పేరు పెట్టాడు. తరువాతి శాస్త్రవేత్తలు రెండూ ఒకటేనని తేల్చడంతో మిచిల్ పెట్టిన పేరే నిలిచింది. షటాక్వాలో వసంతంలో తల్లిచేపలను వలలతో పట్టి గ్రుడ్లు సేకరించి, పొదిగించిన పిల్లలను సరస్సులలో వదులుతారు.

చివరి రోజులు

మిచిల్ 1807 నుండి 1826 వరకు న్యూయార్క్‌లోని వైద్య, శస్త్రచికిత్సా కళాశాలలో ఆచార్యుడుగా ఉండి, పాలకవర్గంతో వచ్చిన వివాదంలో మరికొందరితో పాటు రాజీనామా చేశాడు. 1831లో బ్రూక్లిన్‌లో మరణించాడు. ఆయన సమాధి గ్రీన్‌వుడ్ శ్మశానవాటికలో ఉన్నది. 1848లో ఫ్రెంచి శాస్త్రవేత్త వాలెన్సియన్ అమెరికా తూర్పుతీరపు ఒక నెత్తళ్ళ జాతికి మిచిల్ పేరు పెట్టాడు. వ్రేలెడు పొడవుండే ఆ చేపను తినడానికి కంటే పెద్ద చేపలకు ఎరగానే ఎక్కువగా వాడతారు.