కొండపల్లి కోట - మాస్టారి ప్రశ్న

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం పెద్దలు అడగ్గానే నాకు కొండపల్లి విహారయాత్ర గుర్తొచ్చింది. పదో తరగతి వాళ్లమంతా బెజవాడలో పాసింజరు ఎక్కి, పులిహోర పొట్లాలతో కోట చూడ్డానికి వెళ్లాం. తిరిగొచ్చాక నేను ఒక అట్ట మీద శ్రీకృష్ణదేవరాయలు ఆ కోటను ముట్టడిస్తున్న బొమ్మ వేశాను. ఏనుగులు, గుర్రాలు, నిచ్చెనలు, నడుమ అచ్చం 'మహామంత్రి తిమ్మరుసు' సినిమాలో రామారావుగారిలా రాయలు. బొమ్మకు బహుమతి వచ్చింది. తెలుగు మాస్టారు మెచ్చుకుంటూనే ఒక ప్రశ్న వేశారు, అంత కష్టపడి గెలిచిన కోట రాయల దగ్గర ఎన్నాళ్లు నిలిచిందని. నాకు తెలియలేదు. చదివి తెలుసుకుని వచ్చి చెప్పమన్నారు. చెప్పలేదు. మాస్టారు పోయి చాలాకాలమైంది. ఆ బాకీ ఇక్కడ తీర్చుకుంటున్నాను.

రాయలు తుళువ నరసనాయకుడికీ నాగలాంబకూ పుట్టినవాడు. అన్న వీరనరసింహరాయల తర్వాత 1509లో విజయనగర సింహాసనం ఎక్కాడు. మంత్రి సాళువ తిమ్మరుసును అప్పాజీ అని పిలుస్తూ తండ్రిలా చూసుకున్నాడు. అప్పట్లో మన కృష్ణాతీరం, ఇటు ఉదయగిరి దాకా ఒరిస్సా గజపతుల ఏలుబడిలో ఉండేది. 1513లో రాయలు ఉదయగిరి మీదికి కదిలాడు. ఆ కోట పడడానికి ఏడాదికి పైగా పట్టింది. అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకెళ్లి గుడి కట్టించాడు. 1515 జూన్‌లో కొండవీడు లొంగింది. ప్రతాపరుద్ర గజపతి కొడుకు వీరభద్రుడు బందీ అయ్యాడు. ఆపైన సైన్యం కృష్ణ దాటి కొండపల్లి చుట్టూ దిగింది.

కొండకోటను ఒక్క ఊపులో పట్టడం కుదరదు. దారులన్నీ మూసి, లోపల గింజలూ నీళ్లూ తరిగేదాకా కాచుకుని కూర్చోవాలి. కొండపల్లి దగ్గర మూడు నెలలు కూర్చున్నారని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసిపెట్టాడు. చివరికి కోట పడింది. గజపతి రాణి ఒకరు, కొందరు సామంతులు బందీలుగా చిక్కారని కూడా ఆయనే రాశాడు.

కొన్నేళ్ల కిందట మా అమ్మాయితో ఇటలీ వెళ్లినప్పుడు ఫ్లోరెన్సులో ఒక పాత రాజభవనం గోడ మీద వసారి అనే చిత్రకారుడి బొమ్మ చూశాను. 1529-30లో ఆ నగరాన్ని శత్రుసేనలు ముట్టడించిన దృశ్యం అది. చుట్టూ గుడారాలు, ప్రాకారం, ప్రాకారం లోపల ఊరంతా, ఇళ్లూ గుళ్లూ. ఆ గోడ ముందు నిలబడితే నా పదో తరగతి బొమ్మ కళ్లముందు కదిలింది. అందులో కోట లోపల ఒక్క ఇల్లు లేదు, ఒక్క మనిషి లేడు. ఆ మూడు నెలలూ లోపలివాళ్లు ఏం తిన్నారో నేను అనుకోనైనా అనుకోలేదు.

ఆ కళింగ దండయాత్రలోనే రాయలు మన విజయవాడలో కొన్నాళ్లు ఆగాడు. అక్కణ్నుంచి దివిసీమ దారిలో ఉన్న శ్రీకాకుళం వెళ్లి, ఏకాదశి ఉపవాసం ఉండి, ఆంధ్రమహావిష్ణువును కొలిచాడు. తెల్లవారుజామున కలలో స్వామి కనిపించి, గోదాదేవి పెళ్లి కథ తెలుగులో రాయమన్నాడట. ఆ సంగతి రాయలే 'ఆముక్తమాల్యద' మొదట్లో చెప్పుకున్నాడు.

ఇక మాస్టారి ప్రశ్న. సైన్యం సింహాచలం దాటి వెళ్లింది. 1516లో రాయలు దేవేరులతో అప్పన్నను దర్శించి నగలు సమర్పించినట్టు అక్కడ శాసనం ఉంది. కొన్నేళ్లకే గజపతితో సంధి కుదిరింది. రాయలు గజపతి కూతుర్ని పెళ్లాడి, కృష్ణకు ఉత్తరాన గెలిచిన భూములన్నీ మామగారికి తిరిగి ఇచ్చేశాడు. కొండపల్లి కృష్ణకు ఉత్తరానే ఉంది. అంటే, మూడు నెలలు ముట్టడించి గెలిచిన కోట పట్టుమని పదేళ్లయినా ఆయన దగ్గర లేదు.

1520లో రాయచూరు గెలిచాడు. పెద్దన, తిమ్మన వంటి కవులతో భువనవిజయం వెలిగింది. చివరి రోజులు మాత్రం చేదుగా గడిచాయి. పసివాడైన కొడుకు తిరుమలరాయలికి పట్టం కడితే, ఆ బిడ్డ దక్కలేదు. విషప్రయోగమన్న అనుమానంతో, తండ్రిలా చూసుకున్న అప్పాజీ కళ్లు తీయించాడని నూనిజ్ రాశాడు. ఫ్లోరెన్సు ముట్టడి మొదలైన ఆ 1529లోనే రాయలు కన్నుమూశాడు.

మాస్టారూ, కోట నిలవలేదు. శ్రీకాకుళంలో మొదలైన పుస్తకం నిలిచింది. మీరు మాకు పాఠం చెప్పింది అందులోంచే.

మిత్రులకు ఒక మనవి. ఉత్సవాలయ్యాక అందరం కలిసి ఒకరోజు కొండపల్లి, ఒకరోజు శ్రీకాకుళం వెళ్దాం. మోకాళ్లు సహకరించినంత మేరకే ఎక్కుదాం. పులిహోర నేను తెస్తాను.